ముందు బయలుదేరిన పిల్ల

శిక్షణ శిబిరం, స్కీలకి మైనం పూసే గది పక్కన
చలికాలం మొదట్లో

బావమరిదీ,

ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటని నవ్వుకుంటావు. ఇక్కడి గోడలు అట్టముక్కల్లాంటివి. నేనిక్కడ దగ్గితే పక్కగదిలోంచి మన పిచ్చుక "మందేసుకున్నావా నాన్నా" అని అడుగుతుంది. ఇది దాని సంగతే. అది వినకూడదు.

నా కూతురు ఏ ఆట ఆడుతుందో, నేను ఏం నేర్పుతానో నీకెప్పుడూ సరిగా చెప్పలేదు. మీ అక్కని చేసుకున్న పాతికేళ్లకి చెబుతున్నాను, విను. బయాథ్లాన్ అంటే వీపున రైఫిలు తగిలించుకుని మంచు మీద స్కీలతో పరుగెత్తడం, మధ్యలో ఆగి కొన్నిసార్లు పడుకుని, కొన్నిసార్లు నిలబడి గురిచూసి కాల్చడం. మొదటిరోజు స్ప్రింట్. ఒక్కొక్కరే విడిగా బయలుదేరతారు, పోటీ అంతా గడియారంతోనే. పది గుళ్లు. మర్నాడు పర్స్యూట్, అంటే తరుముడు పందెం. నిన్న గెలిచినవాళ్లు ముందు బయలుదేరతారు. నిన్న పది సెకన్లు వెనకబడ్డవాళ్లు ఇవాళ పది సెకన్లు ఆగి బయలుదేరాలి. నాలుగుసార్లు ఆగి ఇరవై గుళ్లు కాల్చాలి. తప్పిన గుండుకో శిక్ష చుట్టు, అంటే ఇరవై సెకన్ల పైచిలుకు గంగలో కలిసినట్టే. ఎవరు ముందు గీత దాటితే వాళ్లదే గెలుపు.

పిచ్చుక స్ప్రింట్‌లో పులి, పర్స్యూట్‌లో పిల్లి. మొన్న శనివారం మూడోది. ఆదివారం పదమూడోది. ఇది కొత్త కాదు. ముందు నిలబెడితే చాలు, వెనక వచ్చేవాళ్ల స్కీల చప్పుడుకి బెదిరిపోతుంది. చలికాలం చివర పెద్ద పోటీలున్నాయి, జట్టులో నలుగురికే చోటు. ఎంచేది నేనే. తండ్రిని కాబట్టి లోకం కళ్లన్నీ నామీదే.

నువ్వు ఫ్యాక్టరీలో లెక్కలతో మిషన్ల రోగాలు కనిపెడతావని మీ అక్క గొప్పగా చెబుతుంది. దీని రోగం ఎక్కడుందో కనిపెట్టు. ఫలితాల కాగితాలు పంపుతున్నాను.

నీ బావ

*

ఫ్యాక్టరీ, కొలతల గది

బావా,

పాతికేళ్లలో నువ్వు నన్ను అడిగిన మొదటి సాయం నిచ్చెన. రెండోది ఇది. నిచ్చెన ఇంకా తిరిగి రాలేదు.

కాగితాలు అందాయి. ఒక్క పిచ్చుకవే పంపితే ఏం చేసుకోను? ఒక బేరింగు చేతిలో పెట్టి ఇది మంచిదా చెడ్డదా అంటే నేనేం చెప్పను, దాంతోపాటు పుట్టినవాటన్నిటినీ చూడాలి. ఆ పందాల్లో పరుగెత్తిన ప్రతి అమ్మాయి ఫలితమూ కావాలి. ఎన్నేళ్లవి ఉంటే అన్నేళ్లవి పంపు.

ఇంకో ప్రశ్న. స్ప్రింట్ అయ్యాక, పర్స్యూట్‌కి ముందు, దానితో నువ్వేం మాట్లాడతావు? కోచ్‌గా కాదు, ఆ సాయంత్రం అన్నం దగ్గర కూర్చుని ఏమంటావు?

అక్క మోకాలి నొప్పి తగ్గిందట. నీకు చెప్పమని కాదు, నువ్వు అడగలేదని చెప్పమంది.

నీ బావమరిది

*

శిక్షణ శిబిరం

బావమరిదీ,

ఆరు చలికాలాల కాగితాలు పెట్టెలో పెట్టి పంపాను. నీ బల్ల విరిగితే నా పూచీ లేదు.

నువ్వడిగిన ప్రశ్నకి జవాబు: ఏమీ అనను. అనకూడదని నేర్చుకున్నాను. దానికి పదహారేళ్లప్పుడు మొదటిసారి స్ప్రింట్ గెలిచింది. పదికి పది. గీత దాటి వస్తుంటే మంచులో ఎదురువెళ్లి ఎత్తుకున్నాను. "నీలాంటి పిల్ల ఈ కొండల్లో పుట్టలేదే" అన్నాను. అందరూ విన్నారు. మర్నాడు ఏడు గుళ్లు తప్పాయి. శిక్ష చుట్టులో గానుగెద్దులా తిరుగుతుంటే చూడలేక ముఖం తిప్పుకున్నాను. తర్వాత ఇంకో రెండుసార్లు మెచ్చుకుని చూశాను. రెండుసార్లూ అంతే. పిల్లల్ని ముఖం మీద పొగడకూడదని మా అమ్మ ఊరికే అనలేదు. అప్పటినుంచి నోరు కుట్టేసుకున్నాను.

తిట్టడం మాత్రం పనిచేస్తుంది. స్ప్రింట్‌లో ముప్పయ్యో స్థానానికి పడిపోయిన రోజున గట్టిగా తలంటాననుకో, మర్నాడు పది మందిని దాటుకుని పైకొస్తుంది. తిడితే ఎక్కుతుంది, పొగిడితే జారుతుంది. ఇది నా కళ్లతో చూసిందిరా, ఎవరో చెప్పింది కాదు.

కాకపోతే మనిషన్నాక అప్పుడప్పుడూ నోటిదాకా వస్తుంది. మింగేస్తాను.

నీ బావ

*

ఇల్లు, వంటగది బల్ల
నడి చలికాలం

బావా,

మూడు వారాల నుంచి మా ఇంట్లో ఈ బల్ల మీద అన్నం తినడం లేదు. మీ చెల్లెమ్మ కంచాలు మా ఒళ్లోనే పెడుతోంది. నీ కాగితాలన్నీ పూర్తయ్యాయి. నిదానంగా చదువు, ఒకసారి చదివి పక్కన పడేయకు.

మొదటి స్థానంలో బయలుదేరినవాళ్లు ఇంకా పైకి పోలేరు, కిందికే పోగలరు. అందుకని గీత దాటిన స్థానాలు వదిలేశాను. బయలుదేరడంలోని తేడా తీసేసి, పర్స్యూట్ రోజున ఒక్కొక్కరూ విడిగా ఎంతసేపట్లో పూర్తిచేశారో చూసి, దాన్నిబట్టి కొత్తగా వరస పెట్టాను. స్ప్రింట్‌లో మొదటి అయిదుగురిలో వచ్చినవాళ్లందరి సగటు తీస్తే, మర్నాటి పరుగులో వాళ్లు పదకొండో స్థానం దగ్గర తేలారు. మన పిచ్చుక సగటు పన్నెండు. అంటే ముందున్న అమ్మాయిలందరూ జారుతున్నారు బావా. ఇదొక్కతే కాదు.

ముప్పయ్యో స్థానం కింద ఉన్నవాళ్లలో ఎక్కువమంది మర్నాడు మెరుగయ్యారు. వాళ్లందరినీ నువ్వే తిట్టావా?

కారణం పెద్ద రహస్యం కాదు. పిచ్చుక ఈ ఆరేళ్లలో స్ప్రింట్‌లలో కాల్చిన గుళ్లన్నీ కలిపితే పదికి ఎనిమిది తగిలాయి. పర్స్యూట్‌లలో కూడా పదికి ఎనిమిదే. పది గుళ్లే ఉన్న రోజున అదృష్టం కలిసొస్తే పదికి పది పడతాయి. గాలి ఆగుతుంది, స్కీలు సాఫీగా జారతాయి, మూడో స్థానం వస్తుంది. మర్నాడు అదృష్టం తన దారిన తాను పోతుంది. మిగిలేది పిచ్చుకే, ఎప్పటి పిచ్చుకే. దాన్ని నువ్వు భయం అంటున్నావు. అలాగే ఒక చెడ్డరోజు తర్వాత మామూలు రోజు వస్తుంది. దాన్ని నువ్వు నీ తిట్ల మహిమ అంటున్నావు.

మా దగ్గర ఒక కొత్త ఆపరేటరు ఉండేవాడు. ఒక ముక్క కాస్త లావు రాగానే మిషన్ని ఇటు తిప్పేవాడు, తర్వాతిది సన్నం రాగానే అటు తిప్పేవాడు. మహా శ్రద్ధ. అతని మిషన్ మీదే అన్నిటికన్నా ఎక్కువ ముక్కలు పాడయ్యేవి. ముట్టుకోకుండా ఉంటే బాగానే ఉండేది.

నిజాయితీగా ఒకమాట చెప్పాలి. దానికి భయమే లేదని ఈ లెక్క తేల్చలేదు. భయం ఉందని నమ్మడానికి ఈ కాగితాల్లో ఆధారమేమీ లేదని మాత్రమే తేల్చింది. గుండు గుండుకీ రాసిన సమయాల్లో ఒక్కటి మాత్రం కనిపించింది. నిలబడి కాల్చేటప్పుడు చివరి గుండుకి అందరికన్నా ఎక్కువసేపు ఆగుతోంది. ఆగినందువల్ల ఎక్కువ తగలడమూ లేదు. ఎందుకాగుతున్నావని దాన్నే మెల్లిగా అడుగు.

కాబట్టి బావా, నీ నోటి కుట్లు విప్పేయొచ్చు. దాన్ని మెచ్చుకుంటే ఏమీ కాదు.

నీ బావమరిది

*

శిక్షణ శిబిరం, ఆఫీసు

బావమరిది గారికి,

మీ ఉత్తరం చేరింది. శ్రమపడ్డందుకు కృతజ్ఞతలు.

బేరింగుకి ప్రాణం ఉండదు. దానికి వెనకనుంచి ఎవరూ తరుముకురారు. నా కూతురు పన్నెండో స్థానపు పిల్ల అని చెప్పడానికి ఆరేళ్ల కాగితాలు అక్కర్లేదు, అలా అనేవాళ్లు ఇక్కడే చాలామంది ఉన్నారు. పదికి పది కాల్చిన రోజున అది అదృష్టమని మీరంటున్నారు. ఆ పది గుళ్ల కోసం అది ఎన్ని తెల్లవారుజాముల్లో చలికి వేళ్లు పగిలేలా సాధన చేసిందో నేను చూశాను. మీ కాగితాల్లో వేళ్లు ఉండవు.

భయం లేదని మీరూ గట్టిగా చెప్పలేకపోయారు. నాకు కనబడుతున్నదాన్ని నమ్మకుండా మీకు కనబడనిదాన్ని ఎలా నమ్మను?

జట్టుని నిన్న ప్రకటించాను. పిచ్చుక పేరు లేదు. పిలిచి నేనే చెప్పాను. "ముందుంటే నువ్వు నిలబడలేవమ్మా. నీ మంచికే" అన్నాను. "సరే నాన్నా" అంది. తన స్కీలు తుడుచుకుని, జట్టులో ఉన్నవాళ్ల స్కీలకి కూడా మైనం పూసి వెళ్లిపోయింది.

అక్కకి ఈ సంగతి నేనే చెబుతాను. మీరు రాయనవసరం లేదు.

ఇట్లు,
మీ బావ

*

ఇల్లు

బావగారికి,

పిచ్చుక మా ఇంట్లో ఉంది. ముందు ఆ మాట అక్కకి చెప్పండి, తర్వాత ఈ ఉత్తరం చదవండి.

బుధవారం సాయంత్రం బస్సు దిగి వచ్చింది. చేతిలో ఒక సంచి. రైఫిలు శిబిరంలోనే అప్పగించేసిందట. మీ చెల్లెమ్మ అన్నం పెట్టింది. సగం తిని, "మామయ్యా, నేను పిరికిదాన్నా?" అంది. మీరు నాతో లెక్కలు వేయిస్తున్నారని దానికి ముందునుంచీ తెలుసు. పెట్టె మోసుకెళ్లి బస్సుకి ఎక్కించింది తనేనట.

నేను కాగితాలు బల్ల మీద పరిచి అంతా చూపించాను. ఫ్యాక్టరీలో మేనేజరుకి చెప్పినట్టు చెప్పాను. అదే నేను చేసిన పొరపాటేమో. చివరిదాకా విని, "అయితే నేను పన్నెండో దాన్ని. ఇన్నాళ్లూ మొదటిదాన్నే అయ్యుండి చేతులారా పాడుచేసుకుంటున్నాననుకున్నాను" అంది. ముఖంలో బరువు దిగినట్టయింది. నాకు సంతోషమేసింది. ఇంకాసేపటికి, "ఇక చాలు మామయ్యా, మానేస్తాను" అంది.

ఈ లెక్క ఇప్పటిదాకా జరిగింది చెబుతుందే గాని జరగబోయేది చెప్పదన్నాను. ఎనిమిది తొమ్మిది కావచ్చన్నాను. "తెలుసు మామయ్యా" అంది, చిన్నపిల్లాడిని ఓదార్చినట్టు. దాని భయం తీసేద్దామని కూర్చున్నాను. భయంతోపాటు ఆశని కూడా ఊడ్చేశానని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇంకో మాట కూడా జారాను. మెచ్చుకుంటే చెడిపోతుందని మీరు నమ్మారనీ, అందుకే ఏమీ అనరనీ చెప్పాను. మీ మీద కోపం తగ్గుతుందనుకున్నాను. "అందుకా?" అంది. నవ్వింది. తర్వాత లేచి గిన్నెలన్నీ తోమింది, తోమినవే మళ్లీ తోమింది. మీ చెల్లెమ్మ వెళ్లి కుళాయి కట్టేసింది.

చివరి గుండు సంగతి అడిగాను. "కోచ్‌లు నిలబడే కంచె దగ్గర నాన్న ఊపిరి బిగబట్టడం వినిపిస్తుంది మామయ్యా. వదిలేదాకా ఆగుతాను" అంది. పాతిక అడుగుల దూరంలో ఊపిరి ఎలా వినిపిస్తుందని అడగబోయి ఊరుకున్నాను.

మా వీధి చివర కళ్లజోళ్ల దుకాణంలో పని నేర్చుకునే మనిషి కావాలన్నారట. సోమవారం నుంచి వెళుతోంది. మీరు ఇప్పుడే రావద్దని చెప్పమంది.

బావమరిది

*

ఇల్లు, పోటీల నుంచి తిరిగొచ్చాక
చలికాలం చివర

బావమరిదీ,

మీరూ గారూ వద్దు. మొదలుపెట్టింది నేనే, మానేస్తున్నదీ నేనే.

పోటీలు అయ్యాయి. పిచ్చుక బదులు తీసుకున్న అమ్మాయి స్ప్రింట్‌లో నాలుగోది వచ్చింది. ఆ సాయంత్రం నా దగ్గరికొచ్చి నిలబడింది, ఏదో అంటానని. నీ ఉత్తరం మీద పంతంతో "బాగా చేశావమ్మా" అన్నాను. మర్నాడు పదిహేనోది. చూశావా అని నీతో అందామనుకున్నాను.

అప్పుడు కంచె దగ్గర నాకు అటూ ఇటూ ఉన్న కోచ్‌ల ముఖాలు చూశాను. నా పక్కనున్న పెద్దాయన పిల్లల్ని ముద్దుచేస్తాడు. వాళ్ల పిల్ల రెండోదిగా బయలుదేరి తొమ్మిదోది వచ్చింది. అవతలివాడు నోరు తెరిస్తే తిట్లే. వాళ్ల పిల్ల మూడోదిగా బయలుదేరి పన్నెండోది వచ్చింది. ముద్దుకీ తిట్టుకీ ఒకటే ఫలితం. తిరుగు బస్సులో ఫలితాల కాగితం తీసుకుని నువ్వు చేసినట్టే బయలుదేరిన తేడా తీసేసి లెక్క వేశాను. మూడుసార్లు వేశాను. నీ లెక్క తప్పు కావాలని అంత కోరుకున్నాను.

పదహారేళ్ల పిల్లని మంచులోంచి ఎత్తుకున్న చేతులు మళ్లీ దాన్ని తాకలేదు బావమరిదీ. భుజం తట్టడానికి కూడా భయపడ్డాను. దానికి భయమని ఊరంతా చెప్పాను గాని, భయపడింది నేను.

మీ అక్కతో చెప్పాను. కూరగాయలు తరుగుతూ విన్నది. "ఆరేళ్ల నుంచి చెబుతున్నాను, దాన్ని ఒక్క మంచిమాట అనవయ్యా అని. నేను లెక్క వేసి చెప్పలేదు, అందుకు నీ చెవికెక్కలేదు" అంది. తర్వాత నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఎంత బరువో అప్పుడు తెలిసింది.

రావొచ్చా అని దాన్ని అడుగు.

నీ బావ

*

కొలతల గది

బావా,

అడిగాను. "దుకాణానికి రమ్మను, ఇంటికొద్దు" అంది. ఇంట్లో అయితే ఇద్దరూ ఏం చేయాలో తెలియక కూర్చుంటారు, దుకాణంలో పనైనా ఉంటుందని దాని ఆలోచన కాబోలు. నీ కూతురే.

ఒక్క మాట వింటావా? ఆరేళ్లుగా మింగిన మెచ్చుకోళ్లన్నీ మూటగట్టుకుని తెచ్చి ఒక్కసారే దాని ముందు కుమ్మరించకు. అసలేమీ అనకపోయినా మంచిదే. వెళ్లి కనిపించు చాలు.

దుకాణం యజమాని దాన్ని మెచ్చుకుంటుంటాడు, చేయి వణకదని. ఆయన మెచ్చుకున్నప్పుడల్లా అది వెనక్కి తిరిగి చూస్తుందట, ఇంకెవర్నో అంటున్నారేమోనని. నీకు చెప్పకూడదనే అనుకున్నాను. చెప్పకుండా దాచడం మన కుటుంబంలో ఇప్పటికే ఎక్కువైంది.

నీ బావమరిది

*

ఇల్లు
మంచు కరిగాక

బావమరిదీ,

నిన్న వెళ్లొచ్చాను. నీ గుమ్మం ముందునుంచే నడిచాను గాని లోపలికి రాలేకపోయాను, ఏమనుకోకు.

చిన్న దుకాణం. గోడనిండా అద్దాలు, వాటినిండా నేనే. పిచ్చుక తెల్ల కోటు వేసుకుని ఉంది. జుట్టు కత్తిరించుకుంది. నువ్వు చెప్పలేదు. "కూర్చో నాన్నా, గడ్డం ఇక్కడ ఆనించు" అంది, వచ్చినవాళ్లందరితో అన్నట్టే. ఒక్కొక్క అద్దం మారుస్తూ ఇప్పుడెలా ఉంది, ఇప్పుడెలా ఉంది అని అడిగింది. ఎన్నాళ్లనుంచో దగ్గరివి మసగ్గా కనబడుతున్నాయి నాకు, ఎవరికీ చెప్పలేదు. అది రెండు నిమిషాల్లో పట్టేసింది.

నువ్వు వద్దన్నావు. నేనూ అనకూడదనే వెళ్లాను. కానీ ఆ అద్దం పట్టుకున్న చేయి నా కంటికి అంగుళం దూరంలో ఆగి ఉంది, చెక్కినట్టు. నోరు ఆగలేదు.

"నిలబడి కాల్చేటప్పుడు నీ అంత కుదురుగా నిలబడ్డవాళ్లు నా చేతికింద ఇంకెవరూ లేరమ్మా. నీకెప్పుడూ చెప్పలేదు" అన్నాను.

అద్దం కిందికి దించింది. నా ముఖం పరీక్షగా చూసింది.

"ఒంట్లో బాగానే ఉందా నాన్నా?"

"బాగానే ఉంది."

"డాక్టరేమైనా అన్నాడా?"

"లేదే."

"అమ్మకి?"

"అమ్మ బాగుంది. మోకాలి నొప్పి కూడా తగ్గింది."

అప్పుడు గాని అది ఎందుకలా అడుగుతోందో నాకు తట్టలేదు. నా నోట ఒక మంచిమాట వచ్చేసరికి, నేను పోబోతున్నానని అనుకుంది నా కూతురు.

"మామయ్య అనమన్నాడా?" అంది.

"వద్దన్నాడు."

దానికి మాత్రం నవ్వింది, కొంచెం. తర్వాత "మళ్లీ అనకు నాన్నా. విన్నాక ఏం చేయాలో నాకు తెలియట్లేదు" అంది. మెల్లిగానే అంది. కోపంగా అని ఉంటే బాగుండేది. నేను సరేనన్నాను. ఆట మాట నేను ఎత్తలేదు, అదీ ఎత్తలేదు. మళ్లీ రైఫిలు పట్టుకోదు. అది నాకు తెలిసిపోయింది. తెలిసిందని దానికీ తెలిసింది.

సాయంత్రానికి కళ్లజోడు తయారుచేసి తనే నా చెవులకి తగిలించింది. వేళ్లు చల్లగా ఉన్నాయి. కమ్ములు సరిచేసి, రెండడుగులు వెనక్కి వేసి చూసి, మళ్లీ దగ్గరికొచ్చి ఇంకోసారి సరిచేసింది. "చెవుల వెనక నొక్కుతుందేమో. నెల తర్వాత ఒకసారి రా, సరిచేస్తాను" అంది.

వచ్చేవరకూ బస్సులో చూసుకుంటూనే ఉన్నాను. ఎక్కడా నొక్కడం లేదు, చక్కగా కుదిరింది. అయినా నెల తర్వాత వెళ్తాను.

నీ బావ